నవల బావుందా, సినిమా బావుందా?

నవల చదివినవాళ్లు ఆ సినిమా చూసి బయటికొస్తూ అనే మాట ఒకటుంది. "ఏమో, పుస్తకంలో ఉన్నంత లేదు." తెలుగు బీఏ చదివే రోజుల్లో మా క్లాసు మొత్తం అదే మాట మీద ఉండేది. పుస్తకం పెద్దక్క అనీ, సినిమా అక్క చీర కట్టుకుని మురిసిపోయే చిన్న చెల్లెలనీ అన్నట్టు మాట్లాడుకునేవాళ్లం.

చాలాసార్లు ఆ మాట నిజమే. ప్రతిసారీ మాత్రం కాదు. పుస్తకం పక్కన తలెత్తుకుని నిలబడిన సినిమాలు మన తెలుగులో ఉన్నాయి. పుస్తకాన్ని దాటి ముందుకెళ్లినవీ ఉన్నాయి.

మేముండే వెంగళరావు నగర్ చుట్టూ అంతా సినిమాయే. ఒకవైపు సారథీ స్టూడియో, ఇంకోవైపు కృష్ణానగర్, కాస్త పైకెళితే జూబ్లీహిల్స్, ఫిలింనగర్. కూరగాయల బండి దగ్గర నిలబడినా ఏ సినిమా ఎంత వసూలు చేసిందో చెప్పేవాళ్లు దొరుకుతారు. పాత సినిమా పేరు చెప్పి, అది ఏ నవల నుంచి వచ్చిందని అడిగితే మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. ఆ నవలల్లో చాలావాటిని రాసింది ఆడవాళ్లు, చదివి నిలబెట్టిందీ ఆడవాళ్లే. అందుకే ఈ చరిత్రను మన వైపు నుంచి ఒకసారి చెప్పుకోవాలనిపించింది.

కథ ఎంత మారింది, ఏ సీను ఎగిరిపోయింది అని లెక్కపెట్టడం నాకు ఇష్టం ఉండదు. మూడు వందల పేజీలు మూడు గంటల్లో పట్టాలంటే కొన్ని పోతాయి. నేను చూసేది ఒక్కటే. పుస్తకంలో ఉన్న ఆడమనిషి తెర మీదికి వచ్చేసరికి పెరిగిందా, తరిగిందా? ఈ కొలత పట్టుకుని చూస్తే మన సినిమాల జాతకం చాలావరకు తెలిసిపోతుంది.

ముందు "దేవదాసు" సంగతి చూద్దాం. శరత్‌చంద్ర ఛటర్జీ ఈ నవలను బాగా చిన్న వయసులో రాశారు. అచ్చయింది 1917లో. చక్రపాణి వంటివారి అనువాదాలతో శరత్ తెలుగిళ్లలోకి ఎంతగా వచ్చేశారంటే, ఆయన మన గుంటూరువాడో బందరువాడో అన్నంత దగ్గరయ్యారు. ఆ నవలను వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వినోదా వారు 1953లో సినిమాగా తీశారు. నాగేశ్వరరావు దేవదాసు, సావిత్రి పార్వతి.

శరత్ పార్వతిని తక్కువగా రాశారని నేను అనను. అర్ధరాత్రి ఒంటరిగా దేవదాసు గదికి వెళ్లి నిలబడిన పిల్ల ఆమె. ఆ రోజుల్లో అలాంటి ధైర్యం రాయడమే పెద్ద సాహసం. కానీ ఆఖరి పేజీలో ఏం చేశారో గుర్తుందా? దేవదాసు ఆమె ఊళ్లోనే దిక్కులేకుండా పోయాక, రచయిత తనే ముందుకొచ్చి మాట్లాడతాడు. పార్వతి తర్వాత ఏమైందో తనకు తెలియదంటాడు. తెలుసుకోవాలనీ లేదంటాడు. దేవదాసు కోసమే తనకు దుఃఖంగా ఉందని చెప్పి, అతని కోసం ఒక్క కన్నీటి చుక్క రాల్చమని మనల్ని అడుగుతాడు. బతికున్న మనిషిని వాకిట్లోనే వదిలేసి కథ ముగించేస్తాడు.

సినిమాలో ఆ వదిలేయడం కుదరలేదు. పార్వతి పరుగెత్తుకు రావడం, తలుపులు మూసుకోవడం మన కళ్ల ముందే జరుగుతాయి. అప్పటికి ఇరవై కూడా నిండని సావిత్రి, తన ఈడు పిల్లలున్న జమీందారు ఇంట్లో పెద్దరికం నటిస్తూ తిరిగిన తీరు చూసిన తర్వాత, పార్వతి ఏమైందో నాకు అక్కర్లేదు అని ఏ ప్రేక్షకురాలూ అనలేదు. నవల దేవదాసు కథ. సినిమా ఇద్దరి కథ అయింది. సుబ్బరామన్ సంగీతం, ఘంటసాల గొంతు దేవదాసును అమరుణ్ణి చేశాయని అందరూ చెబుతారు. పాపం, ఆ సుబ్బరామన్ సినిమా విడుదల కాకముందే 1952లో కన్నుమూశారు. ఆ పాటలన్నీ అలాగే ఉండి పార్వతి కాస్త బలహీనంగా ఉన్నట్టయితే, అది ఒక తాగుబోతు కథగా మిగిలేది. నా లెక్కలో ఇది పుస్తకాన్ని దాటిన సినిమా.

అదే శరత్ రాసిన "నిష్కృతి" 1957లో అన్నపూర్ణ వారి "తోడికోడళ్లు" అయింది. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు, నిర్మాత దుక్కిపాటి మధుసూదనరావు. ఉమ్మడి కుటుంబం, పెత్తనం, తాళాల గుత్తి, ఒకరి మీద ఒకరు చెప్పుకునే చాడీలు. బెంగాలీ ఇంటి కథ అయినా కన్నాంబ, సావిత్రి, సూర్యకాంతం వచ్చి ఆ వంటింట్లో నిలబడేసరికి అది మన మేనత్తల ఇల్లు అయిపోయింది. ఇక్కడ సినిమా పుస్తకాన్ని దాటిందని అనను. సమానంగా నిలబడింది. పరాయి భాషలోని కుటుంబాన్ని మన వరస పిలుపులతో మాట్లాడించడం ఏమంత తేలిక పని కాదు.

దుక్కిపాటి వారికి నవలలంటే బాగా మక్కువ. ఆయన తీసిన సినిమాల జాబితా చూస్తే తెలుగు పాఠకురాలి చరిత్ర కనిపిస్తుంది. యాభైలలో శరత్, అరవైలకి వచ్చేసరికి డాక్టర్ పి. శ్రీదేవి, కోడూరి కౌసల్యాదేవి, డెబ్భైలలో యద్దనపూడి సులోచనారాణి.

ఇది ఊరికే జరగలేదు. వారపత్రికల్లో సీరియళ్లు వచ్చే కాలం అది. ఆడపిల్లలు హైస్కూలు చదువులు చదివి, పెళ్లిళ్లై, మధ్యాహ్నం పూట కాసేపు ఖాళీ దొరికితే పత్రిక పట్టుకునేవాళ్లు. వారం వారం వచ్చిన కాగితాలు చింపి, దాచి, కుట్టించి బైండు చేయించుకున్న ఇళ్లు ఎన్నో. అద్దె పుస్తకాల షాపుల్లో ఒక్కో నవల అట్ట ఊడిపోయేదాకా చేతులు మారేది. అంతమంది ఆడవాళ్లకి ముందే తెలిసిన కథ దొరికితే నిర్మాతకి సగం ధైర్యం వచ్చినట్టే. అంటే తెరకెక్కే కథను ఎంచిపెట్టడంలో మన అమ్మల, అమ్మమ్మల చెయ్యి ఉంది. ఏ సినిమా టైటిల్సులోనూ వాళ్ల పేరు పడలేదంతే.

అయితే దుక్కిపాటి, ఆదుర్తి కలిసి తీసిన సినిమాల్లోనే ఒకచోట పుస్తకం ముందు సినిమా చిన్నబోయింది. శ్రీదేవి గారి "కాలాతీత వ్యక్తులు" 1957 ప్రాంతంలో "తెలుగు స్వతంత్ర"లో సీరియల్‌గా వచ్చింది. వృత్తికి ఆవిడ డాక్టరు. 1961లో చిన్న వయసులోనే చనిపోయారు. ఆ ఒక్క నవలతోనే తెలుగు సాహిత్యంలో ఆవిడ స్థానం ఖాయమైంది. అందులోని ఇందిర అంతకుముందు మన నవలల్లో కనిపించని మనిషి. ఉద్యోగం చేసి బాధ్యతలేని తండ్రిని పోషిస్తుంది. తనకు కావాల్సింది తను తీసుకోవాలనుకుంటుంది. మంచిదా చెడ్డదా అని తేల్చబోతే చేతికి దొరకదు. పిరికివాడైన ప్రకాశం ఆమె పక్కన నిలబడలేకపోతాడు. అయినా ఆమె కుంగిపోదు, కృష్ణమూర్తితో తన బతుకు తను చక్కబెట్టుకుంటుంది. రచయిత్రి ఆమెకు శిక్ష వేయలేదు. క్షమించినట్టు ఫోజూ పెట్టలేదు.

ఈ నవల 1963లో "చదువుకున్న అమ్మాయిలు" సినిమా అయింది. సావిత్రి, కృష్ణకుమారి, ఇ.వి. సరోజ నటించారు. హాయిగా, సరదాగా సాగిపోయే సినిమా. పాటలు ఇప్పటికీ వింటాం. నవల పక్కన పెట్టుకుని చూస్తే మాత్రం ఇందిర కోసం ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఆ మొండితనం, ఆ ఆకలి, లోకం ఏమనుకున్నా సరే అన్న ఆ తీరు తెర మీదికి రాలేదు. చదువుకున్న అమ్మాయిలు వచ్చారు, కాలాతీత వ్యక్తి రాలేదు. మగ ప్రేక్షకుడు ఏమంటాడో, కుటుంబాలు ఏమనుకుంటాయో అన్న భయం కావచ్చు. కారణం ఏదైనా నష్టం ఇందిరకే. ఇవాళ ఆ సినిమా పాటలు తెలిసినవాళ్లలో ఎంతమందికి ఇందిర తెలుసు?

ఆ మరుసటి ఏడాదే అదే సంస్థ, అదే దర్శకుడు ఇంకో నవల తీసుకుని మెప్పించారు. ఆంధ్రప్రభ పాఠకులు మెచ్చిన కౌసల్యాదేవి గారి "చక్రభ్రమణం" 1964లో "డాక్టర్ చక్రవర్తి" అయింది. రాష్ట్ర ప్రభుత్వం నంది అవార్డులు మొదలుపెట్టినప్పుడు ఉత్తమ చిత్రంగా మొదటి బంగారు నంది అందుకున్నది ఇదే. గొల్లపూడి మారుతీరావు గారు సినిమా రచనలోకి అడుగుపెట్టిందీ దీంతోనే.

కథ మనందరికీ తెలిసిన నొప్పి మీద కట్టింది. చెల్లెల్ని పోగొట్టుకున్న డాక్టరు, ఆ చెల్లెల్ని స్నేహితుడి భార్య మాధవిలో చూసుకుంటాడు. ఆ అనుబంధానికి పేరు పెట్టడం లోకానికి రాదు. భర్తకి అనుమానం మొదలవుతుంది. నవలలో కౌసల్యాదేవి గారు ఆ అనుమానం ఇంట్లోకి ఎలా పాకుతుందో ఓపిగ్గా రాశారు. సినిమాకి అంత తీరిక లేదు. దానికి ఉన్నవి సావిత్రి కళ్లు, సుశీల గొంతు, రాజేశ్వరరావు బాణీలు. తప్పు చేయకపోయినా సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చిన ఆడదాని అవమానం నాలుగు పేజీల్లో చెప్పవచ్చు. ఆ నాలుగు పేజీలూ సావిత్రి ఒక్క చూపులో చెప్పేస్తుంది. ఈ నవల, ఈ సినిమా నాకు రెండూ సమానమే. ఎందుకంటే మాధవి రెండు చోట్లా తరగలేదు.

కౌసల్యాదేవి గారి "ప్రేమనగర్" సంగతి ఇంకా గొప్పది. కె.ఎస్. ప్రకాశరావు దర్శకత్వంలో రామానాయుడు గారు 1971లో తీశారు. 1972లో తమిళంలో "వసంత మాళిగై" అయింది, 1974లో హిందీలోకీ వెళ్లింది. ఒక తెలుగు రచయిత్రి సృష్టించిన లత అనే అమ్మాయి, జమీందారు తాగుడుకీ అధికారానికీ తల వంచని అమ్మాయి, మూడు భాషల్లో తెర మీద నడిచింది. సెట్టింగుల వైభవం గురించి అందరూ చెప్పుకుంటారు. వాణిశ్రీ ఆ మేడలో ఉద్యోగిగా తల ఎత్తి నిలబడిన తీరు నాకు ఎక్కువ గుర్తు.

ఇక యద్దనపూడి. ఈ పేరు వినగానే మీలో కొందరికి బుగ్గలు ఎర్రబడతాయని తెలుసు! "జీవన తరంగాలు" 1973లో వచ్చింది. అదే ఏడాది విజయనిర్మల గారు తెలుగులో తన మొదటి సినిమాగా "మీనా"కి దర్శకత్వం వహించి, తనే మీనాగా నటించారు. రాసింది ఆడమనిషి, తీసింది ఆడమనిషి, కథ నడిపిందీ ఆడపిల్లే. యాభై ఏళ్ల కిందట ఇది జరిగిందంటే మనం గర్వంగా చెప్పుకోవాల్సిందే. 2016లో వచ్చిన "అ ఆ"లోనూ ఆ మీనా నీడ కనిపిస్తుంది.

"సెక్రటరీ" దగ్గర మాత్రం సినిమా ఓడిపోయిందనే చెబుతాను. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో వచ్చింది. ఆయన నటనలో వంక ఏమీ లేదు. అప్పటికి ఆయనకు యాభై దాటిన మాట నిజమే కానీ, అసలు చిక్కు వయసు కాదు. రాజశేఖరం చదివిన ప్రతి అమ్మాయికీ వేరు. పొడవు, కంఠం, కారు దిగే తీరు, అన్నీ ఎవరికి వాళ్లు సొంతంగా కుట్టుకున్నవి. లక్ష మంది పాఠకురాళ్ల మనసుల్లో లక్ష మంది రాజశేఖరాలు ఉంటే, తెర మీద ఒక్కణ్ణే చూపించాలి. ఏ నటుడైనా ఓడిపోవాల్సిందే. జయంతి ఆత్మాభిమానం కూడా పుస్తకంలో ఆమె మనసులోపల జరుగుతుంది. బయట పెద్దగా ఏమీ జరగదు. అలాంటి నవలలు చేతిలో పట్టుకుని చదువుకోవడానికే పుట్టాయి.

ఇప్పుడు వీటన్నిటికీ దూరంగా, మేడలూ కార్లూ లేని ఒక సినిమా చెబుతాను. మృణాల్ సేన్ బెంగాలీ దర్శకుడు. తెలుగు రాదు. 1977లో తెలుగులో "ఒక ఊరి కథ" తీశారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. మూలం ప్రేమ్‌చంద్ కథ "కఫన్".

ఆ కథ చదివితే మళ్లీ మరిచిపోలేం. గుడిసె బయట తండ్రీ కొడుకులు ఆలుగడ్డలు కాల్చుకు తింటుంటారు. లోపల కోడలు పురిటి నొప్పులతో విలవిల్లాడుతుంటుంది. తను లేచి వెళితే రెండోవాడు ఎక్కువ తినేస్తాడని ఇద్దరూ కదలరు. ఆమె చచ్చిపోతుంది. శవానికి గుడ్డ కోసం అడుక్కొచ్చిన డబ్బుతో ఇద్దరూ తాగుతారు. భారతీయ సాహిత్యంలోనే గొప్ప కథల్లో ఇదొకటి. ప్రేమ్‌చంద్ ఆ ఇద్దరు మగవాళ్లని ఎంత లోతుగా చూశారో చెప్పలేం. కానీ బుధియా? కథంతా ఆమె ఒక మూలుగు. ఆ ఇంటికి వచ్చిన ఏడాదిలో తిరగలి విసిరి, గడ్డి కోసి ఇద్దరికీ ఇంత తిండి పెట్టిందని కొన్ని వాక్యాల్లో చెప్పి ముందుకెళ్లిపోతారు.

సేన్ ఆ కొన్ని వాక్యాల దగ్గర ఆగారు. ఆమెకు నీలమ్మ అని పేరు పెట్టి, మమతా శంకర్‌ని తెచ్చి, పెళ్లికూతురిగా ఆ గుడిసెలోకి నడిపించారు. సోమరితనమే తెలివి అనుకునే మామ, ఆయన మాట దాటని మొగుడు, ఆ ఇద్దరి మధ్య ఆ పిల్ల ఇల్లు చక్కబెట్టాలని చూడటం, పనికి వెళ్లడం, పొయ్యి వెలిగించడం, ఎదురు మాట్లాడటం మనం చూస్తాం. చివరికి ఆమె పోయినప్పుడు, చనిపోయింది ఎవరో మనకు తెలుసు. కథలో ఆ చావు మగవాళ్ల దిగజారుడుతనానికి రుజువు. సినిమాలో అది నీలమ్మ చావు. ప్రేమ్‌చంద్‌ని దాటారని అంటే కోప్పడేవాళ్లు ఉంటారు. అయినా ఈ ఒక్క విషయంలో దాటారనే నేను అంటాను.

తొంభైలలో అలాంటి ఇంకో మలుపు "సీతారామయ్యగారి మనవరాలు". 1991లో క్రాంతికుమార్ తీశారు. మూలం మానస గారి నవల "నవ్విన కన్నీరు". తండ్రి చనిపోయాడన్న సంగతి తాతకీ, నాయనమ్మకీ తెలియకుండా గుండెల్లో దాచుకుని, పెళ్లి ఇంట్లో నవ్వుతూ తిరిగే పిల్ల కథ. చెప్పలేని మాటను మోస్తూ ఇంటినిండా తిరగడం ఆడవాళ్లకి అలవాటైన విద్యే. మీనా ముఖంలో అది చూసి ఏడవని ఇల్లు లేదు. సినిమా ఎంతగా నిలిచిందంటే, దాని వెనక ఒక నవల ఉందనే చాలామందికి తెలియదు. నవల పేరు తెలుసుకున్నాక ఆ సినిమా మళ్లీ చూడండి. ఆ రెండు మాటల్లోనే సీత మొత్తం ఉంది.

ఆఖరిది "మిథునం". శ్రీరమణ గారి కథ. బాపు గారు ముచ్చటపడి ఆ కథ మొత్తాన్ని తన చేతిరాతతో రాసుకున్నారు. అంతకన్నా మెచ్చుకోలు ఏముంటుంది? 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ దాన్ని మలయాళంలో "ఒరు చెరు పుంజిరి"గా తీశారు. మనవాళ్లకంటే ముందు వాళ్లు గుర్తుపట్టారు. తర్వాత 2012లో తనికెళ్ల భరణి తెలుగులో తీశారు. బాలసుబ్రహ్మణ్యం గారు అప్పదాసు, లక్ష్మి గారు బుచ్చిలక్ష్మి. సినిమా మొత్తం ఇద్దరే మనుషులు.

కథలో వంటలు మాటల్లో ఘుమఘుమలాడతాయి. శ్రీరమణ గారి ఆ తెలుగు తెర మీద పూర్తిగా దొరకదు, అది ఒప్పుకోవాలి. కానీ మాటల్లో వంట ఇట్టే అయిపోతుంది. తెర మీద బుచ్చిలక్ష్మి నడుం వంచి రుబ్బాలి, ఊది పొయ్యి రాజెయ్యాలి, వడ్డించాలి, తిట్టాలి, మళ్లీ వడ్డించాలి. ఆ చాకిరీ ఎంతసేపు పడుతుందో సినిమాలో కనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పసుపు కుంకుమలతో భర్త కంటే ముందు వెళ్లిపోవాలని కోరుకోవడం మనకు తరతరాలుగా నేర్పిన కోరిక. బుచ్చిలక్ష్మి అలా కోరుకోదు. తను లేకపోతే ఆయన ఒక్క పూట కూడా నెగ్గుకురాలేడని ఆమెకు తెలుసు. అందుకే ఆయనే ముందు వెళ్లాలనుకుంటుంది. ఆ ఆలోచన శ్రీరమణ గారిది. దాని బరువు మొత్తం లక్ష్మి గారు తన ముఖం మీద మోశారు. ఇక్కడ కథా, సినిమా చెరో కొస పట్టుకుని నడిచాయి.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటే, మన పిల్లలకు ఈ నవలలు చదివే తీరిక లేదు. సినిమా అయితే ఫోనులో ముక్కలు ముక్కలుగానైనా చూస్తారు. రేపు వాళ్లకు గుర్తుండేది తెర మీద ఉన్నదే. పార్వతి, మాధవి, నీలమ్మ, బుచ్చిలక్ష్మి గుర్తుండిపోతారు. తెరకు ఎక్కని ఇందిర మెల్లగా ఎవరికీ తెలియని మనిషి అయిపోతుంది. సినిమా పుస్తకాన్ని మింగేసే రోజుల్లో, అందులో ఎవర్ని ఉంచారు, ఎవర్ని తీసేశారు అన్నది చిన్న విషయం కాదు.

అందుకే నా కోరిక ఒకటి. మీ ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయి ఉంటే "కాలాతీత వ్యక్తులు" కొని చేతిలో పెట్టండి. మా ఇంటికి కూతవేటు దూరంలో, ఆ ఫిలింనగర్ ఆఫీసుల్లో కథల కోసం రోజూ వెతుక్కుంటున్నవాళ్లు ఎంతమందో ఉన్నారు. ఇందిర అరవై ఏళ్లు దాటి ఎదురుచూస్తోంది. ఈసారి ఆమెను మంచిదాన్ని చేయకుండా, చెడ్డదాన్ని చేయకుండా, ఉన్నదున్నట్టు తెర మీదికి తెస్తే టిక్కెట్టు కొని మొదటి వరసలో కూర్చోవడానికి నేను సిద్ధం. మీరూ వస్తారు కదూ?